తాళం తీసినా ఆగని కారు

తాళం నా చేతిలోకి వచ్చేసింది. ఇంజన్ మాత్రం ఆగలేదు.

ఆగకపోగా ఇంకా పెరిగింది. యాక్సిలరేటర్ మీద నా కాలు లేదు. గేరు న్యూట్రల్‌లో ఉంది. అయినా లోపల ఎవరో కూర్చుని కసిదీరా తొక్కుతున్నట్టు ఇంజన్ అరుస్తోంది. వెనకనుంచి కమ్ముకొచ్చిన పొగలో ల్యాబు ఆవరణ, గేటు, మెట్లు అన్నీ మాయమయ్యాయి. వెనక సీట్లో మా అక్క, రక్తం శాంపిళ్ల పెట్టెను గుండెకు హత్తుకుని, నోరు తెరిచి కూర్చుంది.

అప్పటిదాకా మెట్ల దగ్గర నిలబడి ల్యాబు మేనేజరుకి కార్ల మీద ఉపన్యాసం దంచుతున్న మా బావ, ఒక్క గెంతులో స్తంభం వెనక్కి చేరాడు. కారులో భార్య ఉందన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. స్తంభం చాటునుంచి తల మాత్రం బయటపెట్టి కేకేశాడు.

"తాళంతో ఆగదది. బ్రేకు గట్టిగా తొక్కి, ఐదో గేరులో వేసి క్లచ్ వదిలెయ్."

వదిలాను. కారు ముందుకు విసురుగా ఊగి, దడదడలాడి, చచ్చింది.

ఆ నిశ్శబ్దంలో అక్క దగ్గు ఒక్కటే వినిపించింది. పెట్టెలో గొట్టాలు పగల్లేదు. పగిలి ఉంటే నా ఉద్యోగం అక్కడితో సరి. క్లినిక్కులనుంచి శాంపిళ్లు తెచ్చి ఈ ల్యాబులో అప్పగించే పని అది. సొంత కారున్నవాళ్లకే ఇస్తామంటే, ఆ పని కోసమే ఈ పాత డీజిల్ కారు కొన్నాం. ఈరోజు నా డ్రైవింగ్‌కి పరీక్ష; పెట్టె పట్టుకోవడానికి అక్క, వెంట బావ వచ్చారు. నాతోపాటు ఇంకొకడు కూడా వరసలో ఉన్నాడు.

మేనేజరు మెట్లు దిగి వచ్చింది. పొగను చేత్తో విసురుకుంటూ కారును, నన్ను మార్చి మార్చి చూసింది.

"ఇది మీ డ్రైవింగ్ వల్ల వచ్చిందా, ముందునుంచే ఉన్న రోగమా? నాకది తేలాలి. బండి తప్పయితే మా వ్యాను తాళం ఇస్తాను, ఇవాళే పనిలో చేరండి. తప్పు మీదైతే మాత్రం శాంపిళ్లు మీ చేతికివ్వలేను."

స్తంభం వెనకనుంచి బావ బయటికొచ్చాడు. వచ్చేముందు చొక్కా సర్దుకున్నాడు.

"ఆడపిల్ల కదండీ మేడమ్, కాలు కాస్త బరువు. ఊరికే రైజ్ చేసేస్తుంది. నేను చూసినప్పుడు బండి బంగారం."

"నేనూ ఆడపిల్లనేనండీ," అంది మేనేజరు. "ఇరవయ్యేళ్లుగా తోలుతున్నాను."

బావ నవ్వబోయి మానుకున్నాడు.

మా ఇంట్లో ఏది కొన్నా ముందు బావ చెయ్యి పడాలి. ఫ్రిజ్ ప్లగ్గు ఆయనే పెట్టాలి, కొత్త మిక్సీ స్విచ్చు ఆయనే వెయ్యాలి. ఆయనది మంచి చెయ్యి అని అమ్మ నమ్మకం. ఆ చెయ్యి పడ్డ మిక్సీ నెల తిరక్కుండా పొగలు కక్కింది. అప్పుడు కూడా తప్పు మిక్సీదే అయింది.

కారు చూడటానికి వెళ్లినరోజూ అంతే. డీజిల్ బండిని చల్లగా ఉన్నప్పుడు చూడాలి బావా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి వేడి లేదని తేల్చుకోవాలి. ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యాలి. పొగ నల్లగా వస్తోందా, నీలంగా వస్తోందా చూడాలి. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలనుంచి గాలి ఎగదన్నుతోందేమో చూడాలి. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో గొట్టం ఊడదీసి వేలు పెట్టి, ఆయిల్ అంటుతోందేమో చూడాలి.

"కారు కొంటున్నావా, ఆపరేషన్ చేస్తున్నావా?" అని బావ నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది.

మేం వెళ్లేసరికి ఆయన మాకంటే ముందే బ్రోకరు షెడ్డుకు చేరి, తన మంచి చేత్తో ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచాడు. బానెట్ కాలిపోతోంది. వేడెక్కిన ఇంజన్ ఏ జబ్బూ బయటపెట్టదు. గొట్టం ఊడదీయబోతే, "ఆయన చూశాడు కదే" అని అమ్మ నా చెయ్యి లాగేసింది.

ఇప్పుడు అడ్డు చెప్పడానికి అమ్మ లేదు. చేతికి గుడ్డ చుట్టుకుని, బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవరుతో గొట్టం క్లిప్పు వదులు చేశాను. గాలి తప్ప ఇంకేమీ ఉండకూడని గొట్టంలోంచి నల్లటి ఆయిల్ బుడబుడా కారింది.

"చూడండి మేడమ్. టర్బో అరిగిపోయింది. ఇంజన్ ఆయిల్ ఈ దారిన లోపలికి పోతోంది. తాళం తీస్తే డీజిల్ ఆగుతుంది, కానీ ఇంజన్ ఈ ఆయిల్నే తాగి పరిగెడుతుంది. మేం కొని వారమే అయింది. వారంలో అరిగేది కాదిది."

"వారంలో తగలెయ్యాలంటే తగలెయ్యొచ్చు," అన్నాడు బావ. "తోలేవాళ్లను బట్టి ఉంటుంది."

అప్పుడు తిరిగాను ఆయన వైపు.

"బావా, తాళంతో ఆగదని మీకెలా తెలుసు?"

"అదేం ప్రశ్న? కార్లు తెలిసిన ఎవడికైనా తెలుస్తుంది."

"మీకు కార్లు తెలుసా? ఇందాక మేడమ్‌కి బానెట్ తెరిచి చూపిస్తానని డీజిల్ పోసే మూత తెరిచారు."

మేనేజరు పెదవి బిగబట్టింది. బావ మెడ ఎర్రబడింది.

"ఫోన్లో వీడియో ఏదో చూశాలే."

"సరే. మరి కారు కొన్నరోజు సీటు సంగతేంటి? లివరు విరిగిపోయింది, సీటు వెనక్కి జరగదని బ్రోకరే చెప్పాడు. మీరు ఎక్కీ ఎక్కగానే వంగనైనా వంగకుండా మడమతో పక్కన ఒక్క తన్ను తన్నారు. సీటు జరిగింది. ఆ తన్ను కూడా ఫోన్లోనే చూశారా?"

"అదృష్టం," అన్నాడు బావ. "నా చెయ్యి మంచిదని మీ అమ్మే అంటుంది కదా."

"తన్నింది కాలితో కదండీ," అంది మేనేజరు.

అప్పుడు అక్క కారు దిగింది. ముఖం నిండా మసి. పెట్టె ఇంకా చేతుల్లోనే ఉంది. మొగుణ్ని ఎన్నడూ ఎదురడగని మనిషి నెమ్మదిగా అడిగింది.

"ఏమండీ, పోయిన ఎండాకాలం టూరు నుంచి బస్సులో వచ్చారు గుర్తుందా? అద్దెకు తీసుకున్న ఆఫీసు కారు కొండ మీద అరిచి గోల పెట్టిందన్నారు. ఆయిల్ లైటు వెలుగుతున్నా డ్రైవరు వెధవ ఆపలేదు, తాళం తీసినా ఆగకపోతే చివరికి ఐదో గేరులో వేసి ఆపాడన్నారు."

"అవును, అయితే?"

"మీ ఆఫీసులో డ్రైవరు లేడు కదండీ. టూర్లకు మీరే తోలుకెళ్తారు."

బావ స్తంభం వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి గొణిగాడు.

"అద్దె కంపెనీ వాడు నా మెడ మీద కూర్చున్నాడు. ఈ కారుకి కొనేవాణ్ని చూపించు, నిన్ను వదిలేస్తానన్నాడు. నడిచినన్నాళ్లు నడుస్తుందనుకున్నా. పరాయివాళ్లకి అంటగట్టలేదు కదా, మన పిల్లకేగా ఇప్పించాను."

ఆ చివరి మాట నిజంగా సమాధానమనే ఆయన నమ్మకం. కొండ మీద పొగలో కూర్చున్న మనిషి, అదే కారులో పెళ్లాన్నీ మరదల్నీ ఎక్కించి, తాను దిగి స్తంభం పక్కన చోటు చూసుకున్నాడు.

మేనేజరు జేబులోంచి వ్యాను తాళం తీసింది. ఇంకా నాకివ్వలేదు.

"రిపోర్టులో రాసుకోవాలి. ఎవరో ఒకరు నాకు సూటిగా చెప్పండి. ఈ బండిని పాడుచేసింది ఎవరు?"

బావ అక్క వైపు చూశాడు. పెళ్లయిన నాటినుంచీ ప్రతిసారీ తనను వెనకేసుకొచ్చిన మనిషి వైపు చూసే ధీమా చూపు అది.

"నువ్వు చెప్పవే. మీ చెల్లెలి డ్రైవింగ్ నీకు తెలీదా?"

అక్క శాంపిళ్ల పెట్టెను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కొంగుతో ముఖం మీది మసి తుడుచుకుని మేనేజరు వైపు తిరిగింది.

"మా ఆయనండీ," అంది.