ఫెబి మాట పూర్తయ్యేదాకా

సుసన్న ఇంట్లో రోజు ముక్కలు ముక్కలుగా మొదలయ్యేది. గెటప్. బ్రష్. ఈట్. బస్. సాయంత్రమైతే ఇంకొన్ని ముక్కలు. బాత్, హోంవర్క్, స్లీప్.

ఆమె కూతురు ఫెబికి పదకొండేళ్ళు. మాట్లాడితే నత్తి. రెండు భాషలు కలగాపులగం కావడం వల్లే పిల్ల తడబడుతోందనీ, ఇంట్లో ఇంగ్లీషు తప్ప ఇంకోటి వినపడకూడదనీ రెండేళ్ళ కిందట స్కూల్లో టీచరమ్మ చెప్పింది. ఫెబి నాన్న జడ్సన్ మెసయీద్‌లో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు. చదువుకున్నవాళ్ళు చెప్పింది జవదాటే మనిషి కాదు. ఆ రోజుతో దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌లోని వాళ్ళ ఫ్లాట్‌లో తెలుగు ఆగిపోయింది.

సుసన్నది నరసాపురం. పిల్లకి పనులు పురమాయించడానికి సరిపడా ఇంగ్లీషు ఆమెకి వచ్చు. ముద్దు చెయ్యడానికి చాలదు. తిట్టడానికీ చాలదు. దాంతో ఆవిడ మెల్లగా మాట్లాడటమే మానేసింది. ఫెబి నత్తి తగ్గలేదు సరికదా, పిల్ల కూడా నోరు కట్టేసుకుంది. ఇక లాభం లేదనీ, వేసవి సెలవులయ్యాక ఊటీ హాస్టల్లో వేసేద్దామనీ జడ్సన్ నిశ్చయించాడు.

ఒకరోజు మెట్ల దగ్గర పైఅంతస్తు సీతాలక్ష్మి కనిపించింది.

"గురువారం మధ్యాహ్నం అల్ రువైస్ వెళ్తున్నామండీ, నాలుగు కుటుంబాల వాళ్ళం. సముద్రం ఒడ్డున ఇల్లు తీసుకున్నాం. శుక్రవారం సాయంత్రం దాకా తెలుగు తప్ప మరో మాట లేదు. ఇంగ్లీషు ముక్క దొర్లిందా, ఉల్లిపాయలు కొయ్యాల్సిందే. పిల్లని తీసుకుని రండి."

సుసన్న ఇంట్లోకి వెళ్ళి మొగుడి ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఏవండీ, నేనూ ఫెబీ రువైస్ వెళ్తున్నాం. తెలుగు మాట్లాడుకోడానికి."

"అదేంటి సుసన్నా! టీచర్ వద్దన్నారు కదా?"

"అన్నార్లెండి," అని ఫోన్ పెట్టేసింది.

రువైస్ ఇంటిని చూసుకునే జహాంగీర్ తాళాలు అందిస్తూ హిందీలో జాగ్రత్తలు చెప్పాడు. గ్యాస్ కట్టెయ్యాలి, పిల్లుల్ని లోపలికి రానివ్వకూడదు. "ఇంకోటి. ఇక్కడి సముద్రం మాటలు వినడానికి వస్తుంది. మొన్న పఠాన్ల కుటుంబం దిగితే వరండా దాకా వచ్చి కూర్చుంది. చెప్పులు ఎత్తున పెట్టుకోండి."

అందరూ చెప్పులు కిటికీ గట్టుమీద పెట్టుకున్నారు.

సాయంత్రం సీతాలక్ష్మి భర్త మధుసూదన్ మాతృభాష గొప్పతనం గురించి ఉపన్యాసమిచ్చాడు. సముద్రం ఎక్కడిదక్కడే ఉంది. తర్వాత సుసన్న నోరు విప్పింది. వాళ్ళమ్మ లేసు అల్లడం, అరుగుమీద ఆడవాళ్ళు ఒకళ్ళ కొంపల సంగతులు ఒకళ్ళు చెప్పుకుంటూ నవ్వుకోవడం, ఆ నవ్వుల్లో కుట్టు తప్పి మళ్ళీ విప్పుకోవడం. చెబుతున్నకొద్దీ ఆమె చేతులు వాటంతటవే అల్లుతున్నాయి. నీళ్ళు ఇసక మీదుగా వచ్చి వరండా మొదటి మెట్టుకి ఆనుకున్నాయి. ఫెబి నోరు తెరుచుకుని వాళ్ళమ్మనే చూస్తోంది. ఈ మనిషిని తనెప్పుడూ చూడనట్టు.

మర్నాడు టిఫిన్లయ్యాక పిల్లలు తలా ఒక సంగతి చెప్పాలన్నారు. ఫెబి వంతొచ్చింది.

"మా అ... అ..."

మెట్ల ముందు ఒక అల లేచింది. లేచి, విరగకుండా అలాగే నిలబడింది. పిల్లలు కాళ్ళు పైకి తీసుకున్నారు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఫెబి మాటని లాక్కుని పూర్తిచేసేస్తారు. ఈ అల లాక్కోలేదు. ఫెబి దానికేసి చూసింది.

"అ... అమ్మ," అంది. అల విరిగి, నురగ పరుచుకుంది. ఇంకోటి లేచి నిలబడింది.

"ఇంట్లో మా... మాట్లాడదు. నా... నా వల్లే."

 సుసన్న పిల్లని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "నీ వల్ల కాదే నా తల్లీ, నా బంగారం, నా పిచ్చి మొహమా," అని రెండేళ్ళుగా దాచుకున్న ముద్దుమాటలన్నీ ఒకదాని మీద ఒకటి గుమ్మరించింది. నీళ్ళు ఇల్లంతా చుట్టుకున్నాయి.

అప్పుడే జడ్సన్ కారు వచ్చింది. నీళ్ళ అంచున ఆగింది. ఇస్త్రీ ప్యాంటుతో, పాలిష్ బూట్లతో దిగి గట్టిగా పిలిచాడు.

"ఫెబీ! కమ్ హియర్. వి ఆర్ గోయింగ్ హోమ్!"

ఫెబి వాళ్ళమ్మ ఒళ్ళోంచి లేచి వరండా అంచున నిలబడింది. తండ్రికీ తనకీ మధ్య అల లేచి నిలబడింది.

"రా... రా..."

కూతురు తనని రమ్మంటోందనుకున్నాడు జడ్సన్. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. బూట్లతోనే నీళ్ళలో అడుగు వేశాడు. ఇంకో అడుగు. మోకాళ్ళ దాకా వచ్చాడు.

"రా... ను," అంది ఫెబి.

అల విరిగి అతన్ని నడుం దాకా తడిపేసింది.

"ఏంటమ్మా? ఏమన్నావ్?" అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

"రాను అన్నాను డాడీ. నువ్వే రా."

సుసన్న కూతురి పక్కకొచ్చి నిలబడింది. "విన్నారుగా. దానికి నత్తి ఉంటే ఉండనివ్వండి. తెలుగులోనూ నత్తిగానే మాట్లాడుతుంది. ఎవరికి తొందరుంటే వాళ్ళు వెళ్ళొచ్చు."

జడ్సన్ వెనక్కి తిరిగి కారుకేసి చూశాడు. తర్వాత వంగి, నీళ్ళలోనే బూట్లు విప్పుకుని చేత్తో పట్టుకున్నాడు. మెట్లెక్కి వచ్చి, కారుతున్న బట్టలతో పిల్లల మధ్య చాపమీద కూర్చున్నాడు. "సారీ," అన్నాడు. సీతాలక్ష్మి కత్తిపీటా ఉల్లిపాయలూ తెచ్చి ముందు పెట్టింది.

సాయంత్రం నీళ్ళు వెనక్కి తీశాక దోహాకి బయల్దేరారు. ఊటీకి పంపించడం లేదని జడ్సన్ ఊరు దాటకముందే చెప్పేశాడు. ఫెబి వెనక సీట్లోంచి ఏదో చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుపోయింది. జడ్సన్ నోటిదాకా వచ్చిన మాట మింగేసి, కారు నెమ్మది చేసి, రోడ్డు మీదే ఆపేశాడు.

వెనక లారీ హారన్ మోగించింది. "యల్లా! యల్లా!" అంటూ కదలమని డ్రైవర్ అరుస్తున్నాడు. జడ్సన్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పక్కనుంచి పొమ్మని ఊపాడు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు.