సూరాయమ్మగారి అష్టాలు

నేను ఒక గవ్వను. ప్రస్తుతం కాలవ అవతలి స్కూల్లో, స్టాటిస్టిక్స్ గదిలో, అద్దాల బీరువా పై అరలో కాపురం. నాకు అటూ ఇటూ కాలిక్యులేటర్లు, కంపాస్ పెట్టెలు ఉన్నాయి. వాటి ముందు నాకేమీ చిన్నతనంగా లేదు. అవి కొట్టుకు వెళ్ళి అడిగితే వచ్చిన సరుకు. నన్నూ, నా తోటి ముగ్గురినీ మాత్రం ఇంటికొచ్చి బతిమాలి, ప్రతి శనివారం సాయంత్రం తిరిగి పంపుతామని మాటిచ్చి తెచ్చుకున్నారు. గొప్పలు పోతోందని మీరనుకున్నా ఫరవాలేదు. గొప్పలు పోవడానికి నా దగ్గర కావలసినంత ఉంది.

పుట్టింది సముద్రంలో. ఏ సముద్రమో సరిగ్గా చెప్పలేను. లోపల ఒక మెత్తటి ప్రాణి ఉండేది. ఓపిగ్గా నన్ను కట్టుకుని, మెరుగుపెట్టి, తీరా పని పూర్తయ్యాక అది పోయింది, నేను మిగిలాను. ఆ తర్వాత ఎవరిదో వల, ఎవరిదో గోనె, చివరికి అంతర్వేది తీర్థంలో ఒక దుకాణం. అక్కడ గుట్టగా పోసి సోలతో కొలిచి అమ్మేవారు. వచ్చినవాళ్ళు గుప్పెడు తీసుకుని పోయేవారు. కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల మాత్రం దుకాణం ముందు చతికిలబడి, ఒక్కో గవ్వనూ చెక్క మీద విసిరి చూసి, నచ్చనిది పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. గవ్వలు కొంటున్నావా, పెళ్ళికొడుకుని చూసుకుంటున్నావా తల్లీ అని దుకాణంవాడు ఎగతాళి చేశాడు. వెనక అత్తగారు పడవ వెళ్ళిపోతుందని గోల పెడుతోంది. ఆ పిల్ల ఎవరి మాటా చెవిని పెట్టకుండా నలుగుర్ని ఏరుకుంది. అందులో నేనొకదాన్ని. ఆ పిల్ల పేరు సూరాయమ్మ.

అష్టాచెమ్మా ఆడనివాళ్ళ కోసం ఒక ముక్క చెబుతాను. ఆటలో మేం నలుగురం. నలుగురమూ నోళ్ళు తెరుచుకుని పడితే చెమ్మా, అంటే నాలుగు. నలుగురమూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. మిగతాప్పుడు ఎన్ని నోళ్ళు కనిపిస్తే అన్నే గళ్ళు. సూరాయమ్మ అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి కూర్చుందంటే వీధిలో ఆడవాళ్ళంతా చేరేవారు. ఆమె పందెం వేస్తే అష్టాలు తెగ పడేవి. దాంతో సూరాయమ్మగారి హస్తవాసి మంచిదని పేరొచ్చింది. ఎవరింట్లో ఆవకాయ కలిపినా మొదట ఆమె చెయ్యి పడాలి, కొత్తింట్లో పాలు పొంగించినా ఆమే ఉండాలి. మనుషుల న్యాయం ఇలాగే ఉంటుంది. అష్టా పడితే చేతి గొప్ప, పడకపోతే దిక్కుమాలిన గవ్వలు. విసిరే ముందు మమ్మల్ని కళ్ళకద్దుకున్న మనిషే, ఓడిపోగానే అరుగు కిందికి విదిలించేది. మేం నొచ్చుకునేవాళ్ళం కాదు. మా పడే తీరు మాది.

చాలా ఏళ్ళకు మేం చేతులు మారాం. సూరాయమ్మ మనవరాలు హిమబిందు పదో తరగతి పాసయింది కానీ, లెక్కల్లో మాత్రం గట్టెక్కానంటే గట్టెక్కానన్నట్టు పాసయింది. లెక్కలు నీ వల్ల కాదని బంధువులంతా తేల్చేశారు. బిందు కూడా నమ్మేసింది. అయితే ఆ పిల్లకి ఒక కోరిక ఉంది. వాళ్ళమ్మ దుర్గ అంగన్‌వాడీ టీచరు. పసిపిల్లల్ని తూచి, ఒక్కొక్కరి బరువూ చార్టు మీద చుక్కగా పెడుతుంది. ఒక నెల ఒక పిల్లాడి చుక్క కిందికి జారడం చూసి దుర్గ ఎండలో వాళ్ళింటికి పరుగెత్తింది. ఆ పిల్లాడు దక్కాడు. చుక్కలు చూసి మనిషిని నిలబెట్టొచ్చని బిందుకి ఆ రోజు తెలిసింది. అలాంటి చుక్కల చదువు స్టాటిస్టిక్స్ అనీ, కాలవ అవతలి స్కూల్లో ఆ ఏడే పదకొండో తరగతికి పెడుతున్నారనీ విన్నాక ఆ పిల్ల మనసు మనసులో లేదు.

సీట్లు తక్కువ. లెక్కల్లో మార్కులు అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళకి రిబ్కా మేడం అనే టీచరు ఒకే ఒక దారి చూపించింది. ఒక చిన్న పుస్తకం ఇచ్చి, వేసవి సెలవుల్లో చదవమంది. ఇంట్లో ఉన్న వస్తువు ఏదైనా తీసుకుని, అది ఎలా పడుతుందో ముందు ఊహించి గీసి, తర్వాత నిజంగా వేసి చూసి, జూన్‌లో తన ఎదుట నిలబడి చెప్పాలి. నచ్చితే సీటు, లేకపోతే లేదు.

బిందు మమ్మల్ని ఎంచుకుంది. ఆ పుస్తకంలో రూపాయి బిళ్ళ ఉంది. బొమ్మ సగం, బొరుసు సగం. నాలుగు బిళ్ళలు వేస్తే రెండు బొమ్మలు ఎక్కువసార్లు, ఒకటీ మూడూ సమానంగా, అన్నీ బొమ్మలో అన్నీ బొరుసులో పడడం అరుదుగా. బిందు అదే లెక్క మాకూ వేసేసి, పెద్ద చార్టు మీద సున్నా నుంచి నాలుగు నోళ్ళ దాకా అయిదు వరసలు పెన్సిలుతో సున్నాలు సున్నాలుగా గీసింది. నడుమ ఎత్తుగా, రెండు పక్కలా సమంగా దిగుతూ బొమ్మ చూడముచ్చటగా వచ్చింది. నన్ను రూపాయి బిళ్ళతో జమకట్టేసినందుకు నాకు ఒళ్ళు మండిన మాట నిజం. బిళ్ళకు రెండు పక్కలా చదునే. నాకు ఒక పక్క నోరు, ఇంకో పక్క గూను ఉన్నాయి. ఇద్దరం ఒకేలా ఎలా పడతాం?

అది చింతపండు పిక్కలు తీసే కాలం. సూరాయమ్మ మధ్యాహ్నం పూట అరుగు మీద చాప వేసుకుని పిక్కలు తీస్తూ కూర్చునేది. బిందు పక్కన కూర్చుని పందెం వేసేది. ఎన్ని నోళ్ళు పడితే ఆ వరసలో ఒక చింతపిక్క, మైదాపిండి లైతో అంటించేది. మధ్యమధ్యలో సూరాయమ్మ తనూ వేస్తాననేది. మామ్మ పందేలు వేరుగా తెలియాలని బిందు ఆ పిక్కల మీద ఆమె తాంబూలం పళ్ళెంలోంచి సున్నం బొట్టు పెట్టేది. వేసవంతా అలా పడ్డాం. పడ్డ ప్రతిసారీ మా పేరున గుర్తు పెట్టడం మాకు అదే మొదలు.

సెలవులు అయిపోవస్తున్నాయనగా బిందు చార్టును గోడకు ఆనించి చూసి బిక్కచచ్చిపోయింది. పిక్కల గుట్ట పెన్సిలు బొమ్మలో ఇమడలేదు. ఒక పక్కకి ఒరిగిపోయింది. అష్టాల వరస గీత దాటి పెరిగింది, చెమ్మాల వరసలో పిక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇదంతా మా తీరు, నికార్సయిన తీరు. ఆ పిల్ల మాత్రం, లెక్కలు నా వల్ల కాదని అందరూ అన్నది నిజమే అనుకుంది.

అప్పుడే బిందు పెద్దమ్మ కొడుకు వంశీ వచ్చాడు. ఇంటర్ పూర్తిచేసినవాడు. చార్టు చూసి నవ్వి, దీనికి ఏడవడం ఎందుకన్నాడు. ల్యాబ్ రికార్డులో వాళ్ళంతా జవాబు ముందు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు తర్వాత వేసేవాళ్ళట. అందరూ చేసేదే, మేడాలకీ తెలుసు అని ధైర్యం చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుంటే బిందు అష్టాల వరసలోంచి పిక్కలు ఊడబెరికి పెన్సిలు సున్నాల్లో అంటించింది. నేను డబ్బాలోంచి చూస్తూనే ఉన్నాను. నోరుండీ అరవలేకపోవడం ఎంత బాధో ఆ రోజు తెలిసింది.

సూరాయమ్మ నిద్ర లేచి, చార్టు ముందు నిలబడి, కళ్ళద్దాలు సవరించుకుంది.

"ఏవే బిందూ, నా సున్నం బొట్లు ఇటెందుకొచ్చాయి? నేనేసినవి అష్టాలు."

"లెక్కకి సరిపోలేదు మామ్మా. సరిచేశాను."

"పడ్డవాటిని సరిచెయ్యడమేంటే? నేనాడిన ఆట అది. నా అష్టాలు నాకు పెట్టెయ్."

ముసలావిడ కోపమంతా తన అష్టాలు పోయినందుకే. చదువు గురించి ఆవిడకేం తెలియదు. కానీ ఆ మాటకి బిందు ఏడ్చేసింది, ఏడుస్తూనే పిక్కలన్నీ తీసి పడ్డచోటే మళ్ళీ అంటించింది. తీసినచోట తెల్లటి లై మరకలు ఉండిపోయాయి. ఎంత తుడిచినా పోలేదు. సీటు రాదనే తీర్మానించుకుని చార్టు చుట్టింది.

జూన్‌లో స్కూలుకి వెళ్ళినప్పుడు మేం బిందు గుప్పిట్లోనే ఉన్నాం. చెమటకి తడిసిపోయాం. రిబ్కా మేడం చార్టు పరిచి, పెన్సిలు బొమ్మనీ పిక్కల గుట్టనీ మార్చి మార్చి చూసింది. ఈ రెంటిలో ఏది తప్పు అని అడిగింది.

"నేననుకున్నది తప్పు మేడం," అంది బిందు. "గవ్వని రూపాయి బిళ్ళలా అనుకున్నాను. ఇవి బోర్లా పడడానికే ఎక్కువ మొగ్గుతాయి."

ఆ క్షణంలో నా వీపు ఇంకాస్త మెరిసిందని నా నమ్మకం. అయితే ఇప్పుడొక అష్టా వేసి చూపించమంది మేడం. బిందు మమ్మల్ని విసరకుండా గుప్పిట బిగించింది.

"ఒక్క పందెంలో ఏం పడుతుందో చెప్పలేను మేడం. వంద వెయ్యనిస్తే మాత్రం, చెమ్మాల కన్నా అష్టాలే ఎక్కువ పడతాయని ముందే రాసిస్తాను."

మేడం తల ఊపి, చార్టు మీద వేలు పెట్టింది. ఈ తెల్ల మరకలేమిటని అడిగింది. లై ఒలికిందని అనేస్తే సరిపోయేది. సీటు దాదాపు చేతికొచ్చిందని ఆ పిల్లకీ తెలుస్తోంది. గుప్పిట్లో మమ్మల్ని నలిపేసినంత పని చేసింది.

"పిక్కలు తీసి అక్కడ అంటించాను మేడం, పుస్తకంలో లెక్కకి సరిపోవాలని. మా మామ్మ చూసి అడిగింది. మళ్ళీ పడ్డచోటే పెట్టాను."

"ఆ మరకలు తుడవకు," అంది రిబ్కా మేడం. "క్లాసులో మొదటి రోజు ఈ చార్టే చూపిస్తాను." కాగితం తీసి సీటు వచ్చినవాళ్ళ పేర్ల కింద హిమబిందు అని రాసింది. లెక్కలు రావని అందరూ అన్న పిల్లని నా వీపు మీద ఎక్కించుకుని కాలవ దాటించినంత గర్వంగా ఉంది నాకు.

సాయంత్రం ఇంట్లో సూరాయమ్మ ఒకటే అడిగింది. తన సున్నం బొట్టు పిక్కల సంగతేమిటి? బిందు తటపటాయించింది. ఆ పిక్కల్ని ఎప్పుడో వేరుగా లెక్కపెట్టింది. మామ్మ వేసినా, తను వేసినా, అష్టాల వంతు ఇంచుమించు ఒకటే. అబద్ధం చెబితే మామ్మ సంతోషించేది. కానీ పడ్డవాటిని సరిచెయ్యకూడదని నేర్పింది ఆవిడే కదా.

"నీ చెయ్యి కాదు మామ్మా. గవ్వలే అంత."

ఇన్నేళ్ళ హస్తవాసి ఒక్క మాటతో పోయిందని నాకు జాలేసింది. ఆవిడ మమ్మల్ని అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కరినీ వేలితో తిప్పి చూసింది.

"సరేలేవే, గొప్ప గవ్వలదే," అంది. "మరి అంత గుట్టలోంచి వీటిని ఏరి తెచ్చిన చెయ్యెవరిదే?"

దానికి జవాబు ఆ చిన్న పుస్తకంలో లేదు. నాకు మాత్రం చెక్క మీద మా చప్పుడూ, దుకాణంవాడి ఎగతాళీ, పడవ కోసం అత్తగారి గోలా అన్నీ గుర్తొచ్చాయి. సూరాయమ్మ మమ్మల్ని కళ్ళకద్దుకుని అరుగు మీదికి విసిరింది. నలుగురం బోర్లా పడ్డాం.

ఒక్క పందెంతో ఏమీ తేలదని బిందుకి తెలుసు, నాకూ తెలుసు. సూరాయమ్మ మాత్రం తన చెయ్యి వంక ఒకసారి చూసుకుంది.