కిటికీలో నారింజ చక్రాలు

ఇస్త్రీ పిన్ని ఆడిన అబద్ధం మరీ పెద్దదేం కాదు. తల్లిలేని పసిదాన్ని ఊరుకోబెట్టడానికి ఎవరైనా ఆడేదే. "నాన్నేడీ?" అంటూ పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, అప్పుడే కిటికీకి కడుతున్న నారింజ చక్రాల దండ చూపించి, "ఇదిగో, క్రిస్మస్‌కి ఇల్లు ఇలా అలంకరించామంటే నాన్నకి వీధి చివర్నుంచే కనబడుతుంది. వెతుక్కుంటూ వచ్చేస్తాడు" అంది. పిల్ల ఏడుపు మానింది. పిన్ని హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్యకి ముందుముందు ఎంత ఏడవాల్సి ఉందో పాపం ఆమెకేం తెలుసు!

పిల్ల ఆమె అక్క కూతురు. అక్క జ్వరం వచ్చి పోయేనాటికి దానికింకా మాటలు కూడా సరిగ్గా రాలేదు. బావ ఆ దుఃఖం తట్టుకోలేక, పిల్లని మరదలి చేతుల్లో పెట్టి, సరుకుల ఓడలో వంటవాడిగా చేరాడు. ఇక ఇటు మొహం చూపించలేదు. పిల్ల గొంతు వింటే తట్టుకోలేనని ఫోన్లు కూడా తగ్గించేశాడు. పిన్ని ఆ పిల్లని కడుపులో పెట్టుకుని పెంచింది. ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి దాన్ని పిచ్చిక అని పిలిచేది.

పిన్ని పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో. రోజంతా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, సాయంత్రానికి కాళ్ళు మొద్దుబారిపోయేవి. కొట్లో అమ్మే తళుకు బెళుకులు కొనే స్తోమత ఎక్కడిది? అందుకని అన్నీ ఇంట్లోనే. నలిగిన నారింజలు పళ్ళ బండివాడు చవగ్గా ఇచ్చేవాడు. వాటిని పల్చగా చక్రాలుగా కోసి, లాండ్రీలో బాయిలర్ పైన గోరువెచ్చగా ఉండే రేకు మీద పాత దుప్పటి పరిచి ఆరబెట్టేది. పొయ్యి మీద పెడితే మాడిపోతాయి, ఎండలో పెడితే ఈగలు ముసురుతాయి. బాయిలర్ సెగకి మాత్రం గాజుముక్కల్లా తయారయ్యేవి. వెనకాల దీపం పెడితే తొనల గీతలన్నీ కనబడేవి. ఇవి కాక పార్కు గోడ పక్కన రాలిన సరుగుడు కాయలు, ఎండుపుల్లల్ని పురికొసతో కట్టిన నక్షత్రాలు, చిరిగిన దుప్పటి అంచులు చింపి చేసిన రిబ్బన్లు.

పిచ్చిక ఏటా దగ్గరుండి పెత్తనం చేసేది.

"ఇంకాస్త పైకి కట్టు పిన్నీ. నాన్న ఆ మలుపులోంచి వస్తే కనబడొద్దూ?"

పండగ వెళ్ళిపోయేది, నాన్న వచ్చేవాడు కాదు. "ఓడ వెనక్కి తిరగలేదట" అనేది పిన్ని. "మనం చిన్నగా కట్టాం, అందుకే" అనేది పిల్ల. మరుసటేడు దండ ఇంకో బారెడు పెరిగేది.

ఈ ఏడు డిసెంబరు మొదట్లో బావ ఫోన్ చేశాడు. ఓడ మానేశాడట. రేవు దగ్గర క్యాంటీన్లో పని దొరికిందట. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట.

"ఆవిడ కూడా పిల్లని తెచ్చుకుందామంటోంది. క్రిస్మస్ ముందురోజు వచ్చి తీసుకెళ్తాను. ఇన్నాళ్ళూ నీ నెత్తిన పడేశాను, ఇక నీకా భారం వద్దమ్మా."

మంచి మాటే అన్నాననుకున్నాడు మహానుభావుడు. భారమన్న మాటకి పిన్ని గుండె భగ్గుమంది. కానీ "సరే బావా" అంది. కన్నతండ్రి. ఇంకేమనగలదు?

ఆ సాయంత్రం పిల్లకి చెప్పింది. "నాన్న వస్తున్నాడే. వాళ్ళింటికి తీసుకెళ్తాడట."

పిచ్చిక మంచమెక్కి గెంతింది. దిగి గది చుట్టూ పరిగెత్తింది. కంట్లో చుక్క నీరు లేదు. పిన్ని దాన్నే చూస్తూ కూర్చుంది. ఎంత పెంచినా ఇంతేనా, ఒక్కసారైనా దిగులుగా నా మొహం చూడదేం, అనుకుంది. పిల్ల సంతోషపడితే అలా కుళ్ళుకుంటున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"ఈసారి అలంకరణలొద్దులే పిచ్చికా. బాయిలర్ పాడైంది" అని మర్నాడు చెప్పేసింది. తన చెవిలో తనే పువ్వు పెట్టుకుందన్నమాట! ఇల్లు కనబడకపోతే మనిషి రాడేమోనని మనసులో ఏ మూలో ఆశ.

రెండోనాడు పని ముగించి బాయిలర్ గదివైపు వెళ్తే, లోపల ముక్కాలి పీట మీద పిచ్చిక! కోసిన నారింజ చక్రాలు ఒక్కొక్కటీ అందిస్తోంది. లాండ్రీలో బాయిలర్ చూసుకునే తాత వాటిని రేకు మీద పరుస్తున్నాడు.

"ఏమ్మా, నా బాయిలర్ పాడైందన్నావట? నిక్షేపంలా ఉంది, చూడు" అన్నాడు తాత.

"పొద్దున పాడైంది. ఇప్పుడు బాగైంది" అని గొణిగింది పిన్ని. దొంగలా దొరికిపోయి, ఆమె కూడా పీట లాక్కుని కూర్చుంది. ఇక రోజూ సాయంత్రం ఇద్దరూ అదే పని. పిల్ల కాయలు ఏరింది, పుల్లలు విరిచింది. పిన్ని ముడులు వేసింది. ఒక్కో ముడి వేస్తున్నప్పుడు, నన్ను వదిలి వెళ్ళగలవటే, అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడగలేకపోయింది. పిల్ల కూనిరాగాలు తీస్తూనే ఉంది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం బావ అద్దె కారులో వచ్చాడు. జుట్టు నెరిసింది. మెట్లమీద పిల్లని చూసి మోకాళ్ళమీద కూలబడ్డాడు. దాన్ని హత్తుకుని చాలాసేపు ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, "ఇంటి నంబరు కూడా చూసుకోలేదమ్మా. ఆ కిటికీ చూసి ఇదే అనుకున్నా" అన్నాడు.

పిచ్చిక పిన్నివైపు తిరిగి కళ్ళెగరేసింది. "చెప్పానా!"

పిన్ని నవ్వింది. ఆ నవ్వు ఎలా నవ్విందో ఆమెకే తెలియాలి. పిల్ల సంచి ఈడ్చుకుంటూ కారు దగ్గరికి పరిగెత్తింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పిన్ని బావకి అప్పగింతలు చెప్పడం మొదలుపెట్టింది.

"నెమ్మదిగా తింటుంది బావా, తొందరపెట్టకండి. జుట్టు కొసలనుంచి దువ్వాలి. చిక్కు లాగితే ఒంటికాలి మీద లేస్తుంది. దగ్గొస్తే..." బావ తలొంచుకుని నిలబడ్డాడు.

ఒక్కసారి తల నిమిరి పంపేద్దామని కారు దగ్గరికి నడిచింది. పిచ్చిక వెనక సీట్లో అవతలి కిటికీకి అంటుకుపోయి కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఖాళీ సీటుని అరచేత్తో తడుతోంది.

"ఎక్కు పిన్నీ. నీకోసం జరిగాను."

పిన్ని కారు బయటే ఆగిపోయింది.

"ఎక్కవేం? నీ చీరలు, దువ్వెన అన్నీ సంచిలో సర్దేశాగా. తాళం వెయ్యడం మర్చిపోయావా?"

పిల్ల కంట్లో చుక్క నీరెందుకు లేదో పిన్నికి అప్పుడు తెలిసింది. తలుపు పట్టుకుని వంగి, "నేను రావట్లేదమ్మా. అది నాన్న ఇల్లు. నేనిక్కడే ఉంటాను" అంది.

పిచ్చిక తండ్రిని చూసింది. పిన్నిని చూసింది. ఏడవలేదు. లెక్క తప్పిందేమోనని మళ్ళీ వేసుకుంటున్నట్టు కాసేపు ఆలోచించింది.

"మరయితే నాన్నని ఎందుకు పిలిచాం పిన్నీ?"

బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు. పిన్ని సంచిలోంచి తన చీరలు తీసుకుంది. దువ్వెన పిల్లకే వదిలేసి, కారు తలుపు తనే వేసింది.