పడవలో ఖాళీ చోటు

థాసోస్ దీవిలో ఆడవాళ్ళు పొద్దున్నే నీళ్ళకుండ నెత్తినెత్తుకుని, మంటపం ముందు ఆగి, గోడమీది పడవలోకి తొంగిచూసేవాళ్ళు. తమవాళ్ళెవరూ లేరని తేలాక ఇంటికి పోయి రొట్టెలు కాల్చుకునేవాళ్ళు.

ఆ గోడ సంగతి చెప్పాలంటే నాలాంటివాడే చెప్పాలి! బొమ్మలేసే ఫైనిప్పోస్ దానిమీద చచ్చినవాళ్ళ నదిని వేసిననాడు, దీవిలోని గాడిదలన్నీ దాహంతో పరుగెత్తుకొచ్చాయి. ముందొచ్చినవాటికి మూతులు తడిశాయి కూడా! నదిలో పడవ, పడవలో చచ్చినవాళ్ళని అవతలి ఒడ్డుకి దాటించే ముసలి పడవవాడు, అతని ఎదురుగా ఒక ఖాళీ చోటు. అక్కడ ఎవరి బొమ్మ తేలితే వాళ్ళు మర్నాటికి ఉండరు. అందుకెవరూ ఆశ్చర్యపోలేదు. భయపడేవాళ్ళు, అంతే.

ఒకరోజు క్లెయితో అనే ఆమె నెత్తిమీది కుండ జారి పగిలింది. పడవలో ఆమె మొగుడు మెలాంతాస్ కూర్చున్నాడు. సముద్రం అడుగున దొరికే స్పాంజీల కోసం తెల్లారగట్లే నీళ్ళలో మునగడానికి పోయిన మనిషి. అదే ఎండకు కమిలిన ఒళ్ళు, అదే విరిగిన ముక్కు.

ఆమె వెళ్ళి ఫైనిప్పోస్‌ని మంచంమీంచి ఈడ్చుకొచ్చింది.

"తుడిచెయ్యి బాబాయ్!"

"తుడిస్తే ఈ క్షణమే పోతాడే పిల్లా. కుమ్మరి బొమ్మ తుడిచా, చక్రంమీదే ఒరిగిపోయాడు."

"తాగినప్పుడల్లా దేవుళ్ళకే రంగులద్దానని కోతలు కోస్తావుగా! ఇప్పుడేమైంది నీ చెయ్యి?"

అతను ఆ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"మగాళ్ళకి ఎర్రమట్టి, ఆడాళ్ళకి తెలుపు, అదేగా మీ బొమ్మలేసేవాళ్ళ పద్ధతి?" అందామె. "తెలుపు పుయ్యి. ఆడదాన్ని చెయ్యి."

అతను పూశాడు. చేతులు తెల్లబడ్డాయి, ముక్కు సాఫీ అయింది, జుట్టు భుజాలు దాటింది. మొహం దగ్గర కుంచె ఆగింది.

"అవతలికి పోవే. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మొహమే దిగుతుంది నా చేతిలోంచి. అలవాటు."

"ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలిగా."

"వద్దే తల్లీ!"

ఆమె మంటపం స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది. కదల్లేదు. ఫైనిప్పోస్ ఏడుస్తూనే ఆమె కళ్ళే వేశాడు.

సాయంత్రం మెలాంతాస్ భుజాన స్పాంజీల మూటతో, నవ్వుతూ వచ్చాడు.

"అడుగున ఉండగా నడుం తాడు తెగిందే! పోయాననుకున్నా. ఎవరో జుట్టు పట్టి పైకి లాగినట్టయింది. ఏమే, నీ ఒళ్ళింత చల్లగా ఉందేం?"

"నీళ్ళ పని కదూ. కూర్చో, తిను."

చేపలో ముళ్ళు ఏరి, ఒక్కో ముక్కే అతని పళ్ళెంలో పెట్టింది, ఆ భోజనం తొందరగా అయిపోకుండా.