నూలు పట్టీ రైఫిలు

తోలైతే కదా మైల, ఆ తోలు పట్టీని విప్పి కర్నూలు అంగడివాడి బల్ల మీదే వదిలేసి వచ్చాడు, ఇక మిగిలింది ఇనుమూ కట్టే, ఇనుము మైలైతే వంటింట్లో అట్లకాడా మైలే, కట్టె మైలైతే దేవుడి పీటా మైలే, అన్న రాగానే మొట్టమొదట ఈ మాటే అడగాలి, కాళ్ళు కడుక్కోకముందే అడగాలి అనుకుంటూ భీమసేనరావు రైఫిలు బోల్టు తీసి పక్కన పెట్టి, తాడును వెనకనుంచి గొట్టంలోకి జారవిడిచాడు, తాడు కొసన ఉన్న ఇత్తడి గుండు టకటకలాడుతూ దిగి ముందు మూతిలోంచి బయటపడింది, నూనె గుడ్డను తాడుకు ఇరికించి ఒక్క ఊపున లాగాడు, గుడ్డ తెల్లగానే వచ్చింది, ఎందుకు రాదు, పేల్చి నాలుగు నెలలైంది, అయినా ప్రతి ఆదివారం తుడుస్తాడు, తుడవాలి, అలంకారానికి కొన్నది కాదు, మరి దేనికి కొన్నావని అన్న అడుగుతాడు, అడగనీ, కార్డు మీద రాయనే రాశాడుగా, ఆదివారం పది గంటలకు ఆదోనికి వస్తాను, ఆ తుపాకి అయినా ఉండాలి, స్వామి దగ్గర నీ దసరా పూజ వంతు అయినా ఉండాలి, రెండూ కుదరవు, తేల్చి చెప్పు అని, కింద ఆశీర్వాదాలు, సేతుమాధవరావు అని సంతకం, తమ్ముడిని బెదిరిస్తూ ఆశీర్వాదాలు రాయడం అన్నకే చెల్లింది. వీధిలో ఉరుకుంద బస్సు హారను మోగించుకుంటూ పోతోంది, రేపు శ్రావణ సోమవారం, ఈరన్న గుడికి పోయే జనం టాపు మీద కూడా ఎక్కి ఉంటారు, ఆ జనంలోనే అన్న మంత్రాలయం వైపునుంచి నలుగుతూ వస్తూంటాడు, నలగనీ, బస్సు దిగేసరికి కోపం సగం చెమటలో పోతుంది, పోకపోయినా ఫరవాలేదు.

బోల్టు చేతిలో చల్లగా బరువుగా ఉంది, పటాలం త్రీ నాట్ త్రీ తుపాకి బోల్టు ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే, అదే వంపు, అదే చప్పుడు, సైన్యం వాడే తూటా మామూలు జనం చేతికి పోకూడదని సర్కారు కట్టడి, అందుకని ఇషాపూర్ ఫ్యాక్టరీలో అదే యంత్రానికి వేరే గొట్టం బిగించి, బాయినెట్టు తగిలించే కొక్కెం తీసేసి, ముందు కట్టెను కురచ చేసి, త్రీ వన్ ఫైవ్ అని పేరు పెట్టి లైసెన్సు ఉన్నవాళ్ళకు అమ్ముతారు, కురచయితేనేం, ఇది పేలుతుంది, హైస్కూల్లో సాంఘికం చెబుతూ, సాయంత్రాలు ఎన్.సి.సి. పిల్లలకు డ్రిల్లు నేర్పుతూ గడిపిన పదహారేళ్ళలో తన చేతికి వచ్చినవన్నీ డ్రిల్లు తుపాకులే, నిజం త్రీ నాట్ త్రీలే కానీ పేలకుండా గొట్టానికి కన్నం పొడిచి పంపినవి, భుజానికెత్తుకోవచ్చు, దించుకోవచ్చు, జెండా పండుగనాడు మున్సిపల్ గ్రౌండులో చేతులు పీకేదాకా నిలబెట్టుకోవచ్చు, గుండు మాత్రం పోదు, కన్నం తుపాకి సారు అని పేరు పెట్టారు పిల్లలు, వాళ్ళ తప్పేముంది, ఉన్న మాటే, పత్తి యార్డులో హమాలీలు కూడా కన్నం సారు పోతాండాడు సూడప్పా అని నవ్వుకునేవాళ్ళు, నవ్వండి, ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా భీమసేనరావుకు అన్నే గుర్తొచ్చేవాడు, చైనా యుద్ధం అయిన మరుసటేడు సైన్యంలో ఆఫీసర్లను ఎంచే బెంగుళూరు బోర్డులో నెగ్గి, మద్రాసు ట్రైనింగుకు రమ్మని ఉత్తరం కూడా వచ్చాక, పోతే పో, కానీ స్వామి గర్భగుడిలో మాత్రం మళ్ళీ కాలు పెట్టొద్దు అని అన్న అన్నాడు, అంతే, సిపాయిల సరసన ఎక్కడెక్కడో తిని వచ్చినవాడు స్వామిని ముట్టకూడదట, ఆ ఒక్క మాటతో అన్న తన బతుకును బడి కాంపౌండు గోడలో పెట్టి మూసేశాడు, ఈ సంగతి పెళ్ళాంతో చెప్పాడు, స్టాఫ్ రూములో చెప్పాడు, ప్రతి ఏడూ కొత్తగా చేరిన ఎన్.సి.సి. పిల్లలకు చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పాడు, మా అన్న ఆపకుంటే ఈ పాటికి మేజరునయ్యేవాణ్ణిరా అని, పిల్లలు పాపం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

అందుకే కొన్నాడు, ఎవరూ ఆపలేని దాన్ని ఒకదాన్ని కొనాలనే కొన్నాడు, లైసెన్సుకు అర్జీ ఇచ్చిన రోజు ఆఫీసు గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఏం సామీ, మీకు దర్భ సాలదా, తుపాకి యాల అన్నాడు, దర్భకు అడవి పందులు బెదరవు నాయనా, సి.బెళగల్ పక్కన మా చేన్లో శెనక్కాయంతా పెళ్ళగించి పోతాండాయి అని తను, రెండేళ్ళు తిప్పారు, తిరిగాడు, విచారణకు వచ్చిన హెడ్ కానిస్టేబులు ఈ సారుకు కోపమెక్కువా అని వీధిలో అడిగితే, వీధి వీధంతా ఒక్క గొంతుతో అవునన్నదట, అయినా కలెక్టరు సంతకం పెట్టాడు, ఎనభై రెండులో రైఫిలు ఇంటికొచ్చింది, పట్టీ లేకుండా వచ్చింది, గుమ్మంలోనే నిలబెట్టి పెళ్ళాం పద్మాబాయి ముందు గట్టిగా చూసింది, తోలు యాడైనా ఉందేమో చూపించండి, ఈ పక్క, ఆ పక్క, ఊఁ, లోపలికి రానీండి అన్నది, ఆ తర్వాత రెండు రోజులకు తనే, పట్టీ లేకుంటే అది బోడిగా ఉంది, యెమ్మిగనూరులో సిద్ధప్పను అడగండి, నవారు నేస్తాడు గదా అన్నది, ఇది తనకు తట్టనే లేదు, పటాలంలో తుపాకులకు ఉండేదీ నూలు పట్టీయే, తోలు కాదు, మడి పట్టే ఆడది చెబితే తప్ప పదహారేళ్ళ డ్రిల్లు మాస్టరుకు గుర్తు రాలేదు, సిద్ధప్ప మగ్గం గుంతలోంచి లేచి వచ్చి రైఫిలును ఒకసారి ఎత్తి చూస్తానని అడిగి, ఎత్తి, చంటిబిడ్డను ఇచ్చినంత జాగ్రత్తగా వెనక్కిచ్చి, మంచాలకు నేసినా, తొట్లకు నేసినా, తుపాకికి నేసేది ఇదే మొదులు సారూ, నా మీదికేం కేసు రాదు గదా అన్నాడు, రెండు వేళ్ళ వెడల్పున దళసరిగా నేసి, రెండు పక్కలా ఎర్రంచు కూడా పెట్టాడు, ఎందుకప్పా అంటే, అంచు లేకుండా సెయ్యి ఊరుకోదు సారూ అన్నాడు, ఇప్పుడా ఎర్రంచు పట్టీ తొడ మీద పడి ఉంది, రెండేళ్ళ చెమటకు మెత్తబడింది.

పేల్చింది మొత్తం ఐదు గుండ్లు, అన్న అనుకుంటున్నట్టు అడవంతా చంపి పోగు పెట్టలేదు, పందులు చేన్లో దిగిన సాయంత్రం గాల్లోకి రెండు, మరుసటి రోజు పొద్దున చేను వెనక రాళ్ళ గుంతలో మట్టి కుండలు పెట్టి మూడు, రెండు గుండ్లు రాయికి తగిలాయి, మూడోది కుండకు తగిలింది, కుండ పగిలిన చప్పుడు వినబడలేదు, చెవులు గుయ్యిమంటున్నాయి, కుండ లేకపోవడం మాత్రం కనబడింది, భుజం కమిలి నాలుగు రోజులు ఎత్తలేకపోయాడు, పద్మాబాయి పసుపు పట్టు వేస్తూ, ఈ వయసులో మీకిది కావాల్సిందేలెండి అని నవ్వింది, ఆ నాలుగు రోజులూ బళ్ళో నల్లబల్ల మీద రాయడానికి చెయ్యి లేవకపోతే ఎడం చేత్తో రాశాడు, అట్లా రాస్తూ ఎంత సంతోషపడ్డాడో ఎవరికీ తెలియదు, చెప్పలేదు, నలభై నాలుగేళ్ళకు ఇంత చిన్న సంతోషం ఉంచుకోవడం కూడా నేరమా, వాకిట్లో చెప్పుల చప్పుడు, అన్న, పది గంటలంటే పది గంటలే.

పద్మా, నీళ్ళు, అనేలోపే సేతుమాధవరావు గుమ్మం దగ్గర ఆగిపోయి, ముందు దాన్ని తియ్యి, అది ఉన్న చోట నేను కూర్చోను అన్నాడు, ఇనుమూ కట్టే అట్లకాడా అని కూర్చుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చి ఆగాయి, అన్న బాగా ముసలివాడయ్యాడు, బస్సులో నిలబడే వచ్చినట్టుంది, ఉత్తరీయం ఒకవైపు చినిగింది, జాలిపడకూడదు, జాలిపడితే పని చెడుతుంది, బోల్టు బిగించి లేవబోతుంటే వంటింట్లోంచి పద్మాబాయి మడి చీరతోనే వచ్చి రైఫిలును ఎర్రంచు పట్టీ పట్టుకుని ఎత్తింది, అన్న నోరు తెరిచాడు, ఏమమ్మా, మడిలో ఉండి దాన్ని ముడతావా, అవును బావగారూ, మడి పోయింది, ఇంకో రెండు చెంబులు పోసుకుంటా, మీరు కూర్చోండి అని బీరువాలో పెట్టి తాళం తిప్పి, తాళంచెవి మొగుడి చేతిలో పెట్టి పోయింది, వంట మళ్ళీ మొదట్నించి మొదలు పెట్టాలి పాపం, మొదలు పెడుతుంది, ఇంత మాట పడ్డా, అన్న చేతి గడియారానికి తోలు పట్టీ ఉందని ఆమె చూసి కూడా అనలేదు, అదీ ఆమె పెద్దరికం.

అన్న నీళ్ళు తాగి, కొంచెం మెత్తగానే మొదలు పెట్టాడు, తోలు సంగతి కాదురా భీమా, ఊర్లో రెండు పార్టీలుండాయి, నీకు తెలీదా, ఇన్నాళ్ళూ వాళ్ళూ వీళ్ళూ మన స్వామి దగ్గర తీర్థం తీసుకుని పోతాండారు, మనం ఎవరి పక్కా లేము గాబట్టి, పోయిన శనివారం ఒకడు గుళ్ళో నిలబడి అడిగినాడు, సామీ, మీ తమ్మునికి రైఫిలుందంట గదా, ఆయప్ప ఎవరి పక్క అని, నేనేం సెప్పాల, ఆదోనిలో బీరువా పక్క అని చెప్పాల్సింది అన్నా, అన్నాడు భీమసేనరావు, అన్న నవ్వలేదు, అన్న అడిగినదాంట్లో న్యాయం ఉంది, లేదని అనలేడు, కానీ ఊళ్ళోవాళ్ళు తన్నుకుంటే తను కొన్నది అమ్ముకోవాలా, వాళ్ళు మానుకోరాదా, ఇన్నేళ్ళూ ఎవరికీ అడ్డు రాకుండా బతికినవాణ్ణే అమ్ముకోమని అడగడం అందరికీ సులువు, అన్న జేబులోంచి కాగితం తీశాడు, అమ్ముతానంటే కొనేవాడు ఉండాడు, లేదంటే దీని మీద సంతకం సెయ్యి, దసరా పది రోజులూ రంగనాథ సేస్తాడు, రంగనాథ అంటే తన తమ్ముడు, మంచివాడు, వంతు ఇస్తే కళ్ళకద్దుకుంటాడు.

దసరా పది రోజులు, నాన్న పోయాక ముగ్గురూ వంతులు వేసుకున్నప్పుడు బడికి సెలవులని దసరా తనకిచ్చారు, చీకటుండగానే తుంగభద్రలో మునిగి, తడి పంచెతో ఇత్తడి బిందె ఎత్తుకుని మెట్లెక్కి, తలుపు తీస్తే రాతి చల్లదనమూ నూనె వాసనా ఒక్కసారి మొహానికి తగులుతాయి, ఆంజనేయుడి ఒంటికి సింధూరం పూసేటప్పుడు ఎడమ భుజం వెనక రాయి కొంచెం గుంతపడి ఉంటుంది, అక్కడ వేలు రెండోసారి తిప్పకపోతే రంగు నిలవదు, రంగనాథకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తనే చెప్పాలి, ఈ దసరాకు తను గడప ఇవతల జనంలో నిలబడి చెయ్యి చాచి తీర్థం తీసుకోవాలి, దుఃఖం వచ్చింది, నిజంగా వచ్చింది, దాచుకోలేదు, కళ్ళు తుడుచుకున్నాడు, అన్న అది చూసి కాగితం మడవబోయాడు, తమ్ముడు దారికొచ్చాడనుకున్నాడు కాబోలు, ఇట్లా తే అన్నా, అని కాగితం తీసుకుని పెన్ను మూత విప్పి, వై. భీమసేనరావు అని బడి రిజిస్టర్లో చేసినట్టే పూర్తి సంతకం చేసి, రంగనాథకు ఇయ్యి, ఎడమ భుజం వెనక రెండుసార్లు తిప్పమను, రైఫిలు మాత్రం ఉంటుంది అన్నాడు.

ఇంతేనా, ఇంత సులువా, ఇల్లు కూలలేదు, లోపల పద్మాబాయి చెంబులతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు మామూలుగానే వినబడుతోంది, అన్న కాగితం చేత్తో పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నాడు, అప్పుడు ఒక్క మాటకే విన్నావు గదరా, ఇప్పుడేమైంది నీకు అన్నాడు, కోపంగా కాదు, తెలియక అడిగినట్టు అడిగాడు, అప్పుడు, అప్పుడు కూడా అన్న ఇట్లాగే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, చెయ్యి పట్టుకోలేదు, పెట్టె దాచలేదు, మద్రాసు మెయిలుకు అడ్డం పడుకోలేదు, ఇదా అదా అని అడిగాడు, ఇప్పుడు అడిగినట్టే, అంతకుమించి ఏమీ చేయలేదు, అప్పుడూ ఇంతే సులువుగా పోతానన్నా అని ఉండొచ్చు, ఎందుకనలేదు, గర్భగుడి మీద ప్రేమ అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాడు, ఆ ప్రేమ ఇవాళా ఉంది, అయినా సంతకం ఆగలేదు, మరి అప్పుడు ఆపిందేమిటి, మద్రాసు ఉత్తరం వచ్చిన నాటినుంచి మూడు రోజులు మెతుకు దిగలేదు, రాత్రి నిద్రలో చైనావాళ్ళు, మంచులో పాతిపెట్టినవాళ్ళ బొమ్మలు, పేపర్లో చూసినవి, అమ్మ దిష్టి తీసింది, మూడో రోజు అన్న ఆ మాట అన్నాడు, ఆ పూటే, అవును, ఆ పూటే విస్తరి ముందు కూర్చుని, చారన్నం తిని, మజ్జిగన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుని, కడుపు నిండా తిన్నాడు, తిని గోడవారగా పడుకుని సాయంత్రం దాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు, ప్రాణం తేలికపడినవాడు పడుకునే నిద్ర అది, లేచాక మాత్రం మొహం మాడ్చుకుని అన్న మీద అలిగాడు, ఆ అలక ఇరవై ఒక్క ఏళ్ళు నడిచింది, ఎంతమంది పిల్లలకు చెప్పాడు, అన్న ఒక్కసారి కూడా కాదురా అనలేదు, ఆ నింద మోస్తూనే ప్రతి ఏడూ దసరాకు గుడి తాళాలు తెచ్చి చేతిలో పెట్టాడు, ఎదురుగా చినిగిన ఉత్తరీయంతో కూర్చున్న ఈ ముసలివాడు తనను ఏనాడూ ఆపలేదు, చావుకు భయపడి ఆగిపోయింది తనే.