వాగు చూడ్డానికి ఒక చెయ్యి కావాలి

కోట్లు పట్టుకోవడం ఒక పని అని ఎవరూ అనుకోరు. టొరంటోలో అక్టోబరు వచ్చిందంటే పొద్దున వణికిస్తుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది, అందరూ కోట్లు విప్పేస్తారు. విప్పినవాళ్ళు మాత్రం వాటిని మోయరు. ఆ శనివారం పార్కులో మా ఆయన అలిస్టర్ కోటు వాళ్ళమ్మ డోరీన్ చేతిమీద ఉంది. కుక్క తాడు, కాఫీ ఫ్లాస్కు, తినడానికి తెచ్చిన బటర్ టార్టుల డబ్బా నా చేతుల్లో ఉన్నాయి. అలిస్టర్ చేతిలో ఫోను ఉంది. ఆ ఫోనులో నా వాగు పారుతోంది.

ఆ పార్కు కింద ఒకప్పుడు నిజంగానే వాగు ఉండేది. ఊరు పెరుగుతుంటే దాన్ని గొట్టంలోకి తోసి మట్టి కప్పేశారు. దాన్ని నేను రెండేళ్ళపాటు మా భోజనాల బల్ల దగ్గర కంప్యూటర్లో మళ్ళీ తయారుచేశాను. ఫోను గడ్డివైపు పట్టుకుంటే చాలు, తెరమీద మన కాళ్ళ దగ్గరే నీళ్ళు పారతాయి. ఒడ్డున జమ్ము ఊగుతుంది, చేపలు రాళ్ళ నీడలోకి జారుకుంటాయి. రాళ్ళమీది నాచు అచ్చంగా రావాలని ఉత్తరాన ఇంకా బతికున్న వాగు దగ్గరికెళ్ళి, మోకాళ్ళు తడిసేలా కూర్చుని ఫొటోలు తీశాను. ఇంట్లో మాత్రం "బట్టలు మెషీన్లో నానుతున్నాయి, మేడమ్‌గారు చేపలకి రంగులేస్తున్నారు" అనేవాడు అలిస్టర్. మా అత్తగారిది ఇంకో పాట. "ఉన్న చెట్లు చూడ్డానికే తీరిక లేదు, లేని నీళ్ళెందుకే?" అలిస్టర్ మాటకి ఒళ్ళు మండేది. ఆవిడ మాట మాత్రం నన్ను వదల్లేదు.

పార్కు ఆఫీసువాళ్ళు ఆ పొద్దునే ఫోన్ చేసి అడిగారు, ఆ ఒక్క శనివారానికని ఒప్పుకున్న దీన్ని మంచు పడేదాకా ఉంచుతారా అని. ఉంచాలంటే ప్రతి శనివారం నేను అక్కడ ఉండాలి, సాయంత్రంలోగా చెప్పాలి. కారులో ఆ సంగతి ఎత్తగానే అలిస్టర్ తేల్చేశాడు. "శనివారాలు అమ్మని షాపులకి తీసుకెళ్ళేదెవరు? నీ సరదాకి ఒక రోజు ఇచ్చాంగా." నా రోజు నాకివ్వడానికి వీళ్ళెవరని లోపల రగిలిపోయాను. పైకి మాత్రం సీటుబెల్టు పెట్టుకున్నాను.

సరే, ఉన్న ఒక్క రోజూ జనం నా వాగుని ఎలా చూస్తారో చూద్దామనుకున్నాను. పిల్లాడి బండి తోసుకుంటూ వచ్చి ఆగిన ఒకావిణ్ణి అడిగాను, ఏం కనిపించిందని.

"బాగుందట. మా ఆయన చెప్పాడు."

ఆవిడ ఒక చేతిలో పిల్లాడు కొరికి వదిలేసిన ఆపిల్, ఇంకో చేతిలో మొగుడి టోపీ. "మీరు చూడలేదా?" అంటే, "ఎవరో ఒకరు పట్టుకోవాలిగా" అని నవ్వింది. ఆమె వెనక ఇంకొకావిడ, ఆ వెనక ఇంకొకావిడ. అందరి చేతులూ నిండుగానే ఉన్నాయి. నీళ్ళమీద వెలుగెలా పడాలో నెలల తరబడి తల బద్దలుకొట్టుకున్నదాన్ని, చూడ్డానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలన్న సంగతే నాకు తట్టలేదు. తయారుచేసిన నేనే టార్టుల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. నామీద నాకే నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

మా అత్తగారి దగ్గరికెళ్ళి కోటు తీసుకుని అలిస్టర్ భుజం మీద వేశాను. తాడు, ఫ్లాస్కు, డబ్బా కూడా అతనికే అప్పగించాను. నా ఫోను ఆవిడ చేతిలో పెట్టాను.

"నాకిది పట్టుకోవడం రాదే."

"ఇన్నేళ్ళు కోట్లు పట్టుకున్నారు అత్తయ్యా. ఇది వాటికంటే తేలిక."

ఆవిడ ఫోను ఎత్తి గడ్డివైపు పట్టుకుంది. తర్వాత బెంచీమీద కూర్చుని బూట్లు, మేజోళ్ళు విప్పి, పొడిగడ్డిమీద పాదాలు పెట్టింది.

"నీళ్ళు చల్లగా లేవు, మాక్సీన్."

"లేవు. అది నాకు చేతకాలేదు."

"మా ఊరి వాగులో కాళ్ళు పెడితే చలి కోసేసేది. పెళ్ళయ్యాక మళ్ళీ ఎప్పుడూ దిగలేదు." వేళ్ళు గడ్డిలో కదిలించింది. "మరి నిజంది ఏమైంది?"

"ఇక్కడే ఉంది. కింద గొట్టంలో పారుతూనే ఉంది."

"ఇప్పటికీనా?" అని ఫోను దించి, ఉత్త గడ్డిని ఎంతో ఆసక్తిగా చూసింది. "పాపం, ఇంతకాలం ఎవరికీ తెలియకుండానే" అంది. తర్వాత మళ్ళీ ఫోను ఎత్తి చేప వెంట మెల్లగా తిప్పింది. నేనూ ఆవిడ పక్కన కూర్చుని బూట్లు విప్పాను. నా వాగుని ఇంకొకరి పక్కన కూర్చుని చూడ్డం నాకదే మొదటిసారి. ఒక్క రోజుతో వదిలేసేది కాదని అప్పుడే అనిపించింది.

కుక్క తాడు అలిస్టర్ మోకాళ్ళకి చుట్టుకుంది. "అమ్మా, షాపులు మూసేస్తారు. నాకు ఆకలి కూడా వేస్తోంది."

"డబ్బా నీ చేతిలోనే ఉందిగా, తిను" అంది ఆవిడ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

తినడానికి అతనికి చెయ్యి ఖాళీ లేదు. నావైపు తిరిగి, "ఇంకా ఎంతసేపు ఇలా?" అన్నాడు.

"మంచు పడేదాకా" అన్నాను.