కట్టినవాళ్లే విప్పాలి

కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషనుకు బంతిపూల దండ వేసి మరీ లారీ ఎక్కిస్తున్నారు.

ఆళ్లగడ్డ బజారులో అచ్చాఫీసు ముందు తిరుపాలమ్మ సద్ది క్యారేజీతో నిలబడిపోయింది. పెళ్లయిన ఏడు నుంచీ ఆమె అక్కడ సీసం అక్షరాలు పేరుస్తోంది.

"యాడికన్నా మిషను?"

"అహోబిలం దోవలో కొత్త రిసార్టుకు," అన్నాడు యజమాని విజయసారథి, ముఖం తిప్పుకుని. "పాతకాలంలో పుస్తకాలెట్ల చేస్తాండ్రో వచ్చేపోయే దొరలకు చూపిస్తారంట. నిన్నూ పిలుస్తార్లే. మంచి చీర కట్టుకోని పేర్చి చూపీ."

ఆ రిసార్టు లేస్తున్నది నల్లమల అంచున, మారెన్న వాళ్ల గూడెం మీద. జొన్న పాలు పోసుకునే వేళ జేసీబీలు తొక్కిన చేల మీద. గూడెంవాళ్లు చెబుతుంటే తిరుపాలమ్మ ఆ గోడునంతా పుస్తకంగా పేర్చింది. కంట్రాక్టరుకు జడిసి నంద్యాల ఆఫ్‌సెట్ ప్రెస్సులన్నీ కాదన్నాయి. "నేనేస్తా" అని రొమ్ము చరుచుకున్నది విజయసారథే. ఒకప్పుడు యూనియన్ జెండా మోసి, ఈ గూడెంవాళ్లతో కలిసి సబ్‌జైలు సంగటి తిన్నవాడు.

రిసార్టు మీద ప్రజాభిప్రాయ సభ రేపే నంద్యాలలో. ఆలోగా పుస్తకం జనం చేతుల్లో పడాలి. సభ అయిపోతే గూడెం అయిపోయినట్టే.

తిరుపాలమ్మ లోపలికి ఉరికింది. పేర్చిన పేజీ చెదరకుండా చుట్టూ పురికొస బిగిస్తారు. కట్టినవాళ్లే విప్పాలి, అది అచ్చాఫీసు కట్టడి. పేజీలన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మొదటి పేజీ మాత్రం అక్షరాల కుప్ప. పక్కనే పురికొస, ఎక్కడా తెగకుండా. ఆ ముడికి కొస ఎక్కడ దాగుతుందో ఇద్దరికే తెలుసు. ఆమెకు, నేర్పినవాడికి.

"నువ్వే విప్పినావా అన్నా?"

"ఏం జేసేది? నాకూ పిల్లోళ్లుండారు."

"గూడెంలో ఉండేవి కుక్కపిల్లలా?"

లారీ వెనకాలే అతను వెళ్లిపోయాడు.

కబురందుకుని మారెన్న, అతని కూతురు సునీత, గూడెంవాళ్లు, హమాలీలు వచ్చి చేరారు. పుస్తకాలు కుట్టే డేవిడ్ మైదా జిగురు గిన్నెను కాలితో పక్కకు నెట్టాడు.

"వాన్ని నమ్మాకండని మొత్తుకుంటి. ఇన్యారా?"

"జెండా మోసినోడు గదప్పా," అన్నాడు మారెన్న.

"మోసినోడే రేటు కట్టేది. మోయనోనికి దాని బరువేం తెలుసు?"

"తిట్టుకునింది చాలు," సునీత అడ్డుపడింది. "మిషను లేకుంటే అచ్చు పడదా అక్కా?"

తిరుపాలమ్మ తలెత్తింది. "తప్పులు చూసే కాపీని మిషను మీద తీస్తామా? సిరా రుద్ది, కాయితం పరిచి, అరచేత్తో అదుముతాం."

"మాకు అరచేతుల్లేవా?"

మర్నాడు పొద్దెక్కేసరికి నంద్యాలలో సభ జరిగే చోటికి ఎదురుగా, రోడ్డు మీద సీసం పేజీలు బారులు తీరాయి. గూడెం ఆడవాళ్లు సిరా రుద్ది అదుముతుంటే, డేవిడ్ అక్కడే మడిచి కుట్టి జనంలోకి విసురుతున్నాడు. కూలిన మొదటి పేజీని మళ్లీ పేర్చే వ్యవధి దొరకలేదు. మారెన్న బండరాయెక్కి అరిచాడు.

"మొదటి పేజీ నేనే! ఇనండి! మా తాత నాటిన చింతచెట్టు కాడ మొదలు..."

కాలేజీ పిల్లలు ఆగి విన్నారు. మిల్లు కూలీలు అందుకుని వెనకవాళ్లకు చెప్పారు. వెనకవాళ్లు ఇంకా వెనక్కి చెప్పారు.

పోలీసులు దిగారు. "ఆ సీసమంతా విప్పి మూటగట్టండి," అన్నాడు ఎస్సై. కోయడానికి కత్తి లేదు, కానిస్టేబులు ఎంత గీరినా ముడి కొస దొరకలేదు. అప్పుడు పోలీసుల వెనకే వచ్చి ఆగిన కంట్రాక్టరు కారు తలుపు తెరుచుకుంది. విజయసారథి దిగాడు. రోడ్డు మీద మోకరించి, తలెత్తకుండా, ఒక్కొక్క పేజీ విప్పుకుంటూ పోయాడు. తిరుపాలమ్మ ఆ వేళ్లనే చూస్తూ నిలబడింది. తన వేళ్లకు పని నేర్పిన వేళ్లు.

కడపటి పేజీ కూలగానే ఆమె గొంతు చించుకుంది.

"ఏరుకోండి! తలా ఒక అక్షరం!"

లాఠీల కింద నుంచే జనం రోడ్డు మీద పడ్డారు. దుమ్ములో సీసం మాయమైంది. విజయసారథి చేతిలో పురికొస మిగిలింది.

దొరికినవాళ్లను వ్యాను ఎక్కించారు. సునీత నల్లటి పిడికిలి మీద ఎస్సై లాఠీతో కొట్టాడు.

"తెరువు!"

"మూసినోళ్లే తెరవాల సార్," అంది సునీత. "అచ్చాఫీసు కట్టడి."

వ్యాను కిటికీల్లోంచి సిరా పిడికిళ్లు బయటికొచ్చాయి. రోడ్డు మీద ఎవరో మొదటి పేజీ మళ్లీ అందుకున్నారు. అది మారెన్న గొంతు కాదు.